ఇంట్లో కట్టుకునే నియర్‌ఫీల్డ్ స్పీకర్లకు క్రాసోవర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఇంట్లో ఒక చిన్న గదిని రికార్డింగ్‌కు సర్దుకున్నవాళ్లు, పాటల మీద ప్రేమతోనే స్పీకర్లు కట్టుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. డబ్బా చేయించడం వాళ్లకు పెద్ద కష్టం కాదు. చేయి తిరిగిన వడ్రంగి దొరికితే అయిపోతుంది. పని ఆగేది క్రాసోవర్ దగ్గరే. ఇక్కడి జవాబులన్నీ ఒకే రకం స్పీకర్‌ను మనసులో పెట్టుకుని రాసినవి: 5 అంగుళాల వూఫర్, 1 అంగుళం డోమ్ ట్వీటర్, టేబుల్ మీదో స్టాండు మీదో పెట్టి మీటరు లోపు దూరం నుంచి వినే (నియర్‌ఫీల్డ్) జత.

క్రాసోవర్ అసలు ఏం చేస్తుంది?

ఆంప్లిఫయర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను రెండుగా పంచుతుంది. కింది స్వరాలు వూఫర్‌కు, పై స్వరాలు ట్వీటర్‌కు. వూఫర్‌కు వరసలో పెట్టిన కాయిల్ పై స్వరాలను ఆపుతుంది, ట్వీటర్‌కు వరసలో పెట్టిన కండెన్సర్ కింది స్వరాలను ఆపుతుంది. ఇక్కడివరకు అందరికీ తెలిసిందే. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. పంచడం దాని పనిలో సగమే. రెండు డ్రైవర్లూ (శబ్దం పుట్టించే వూఫర్, ట్వీటర్) కలిసి మోగే చోట, అంటే క్రాసోవర్ ఫ్రీక్వెన్సీకి (పంపకం జరిగే చోటుకు) అటూ ఇటూ ఒక్కో ఆక్టేవ్ (ఫ్రీక్వెన్సీ రెట్టింపో సగమో అయ్యేంత) మేర, రెండింటి శబ్దం ఒకే సమయానికి మీ చెవికి చేరి కూడేలా చూడటం మిగతా సగం. మనిషి గొంతులోని స్పష్టత, 'స', 'శ'ల తేడా, హార్మోనియం రీడ్ల గరుకుదనం, డప్పు మీద పుల్ల దెబ్బ పడిన క్షణం ఎక్కువగా ఆ మేరలోనే ఉంటాయి. అక్కడ కూడిక తప్పితే ఎంత ఖరీదైన డ్రైవర్ పెట్టినా గొంతు దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది.

మార్కెట్లో రెడీమేడ్ క్రాసోవర్ బోర్డులు తక్కువకే దొరుకుతాయి కదా, అవి పెట్టుకోకూడదా?

పెట్టుకోవద్దనే చెబుతాను. ఆ బోర్డు చేసినవాళ్లకు మీ వూఫర్ ఏదో, ట్వీటర్ ఏదో, డబ్బా ముందు పలక ఎంత వెడల్పో తెలియదు. 8 ఓమ్‌ల రెసిస్టర్‌ను ఊహించుకుని లెక్క వేసి ఉంటారు. మీ డ్రైవర్ ఆ రెసిస్టర్‌లా ప్రవర్తించదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

అలాంటి బోర్డు ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి. కాయిళ్లు, కండెన్సర్లు విప్పి, విలువలు కొలిచి, ప్రయోగాలకు వాడుకోండి.

ఫార్ములాతో లెక్క వేస్తే సరిపోదా?

మొదలుపెట్టడానికి పనికొస్తుంది, ముగించడానికి పనికిరాదు. ఉదాహరణకు 2,500 హెర్ట్జ్ దగ్గర, 8 ఓమ్‌లకు, లింక్విట్జ్-రైలీ (దీని సంగతి కింద ఉంది) సెకండ్ ఆర్డర్ (ఆర్డర్ అంటే ఫిల్టర్ ఎంత నిటారుగా కోస్తుందో చెప్పే అంకె) లెక్క వేస్తే కండెన్సర్ దాదాపు 4 మైక్రోఫారడ్లు, కాయిల్ దాదాపు 1 మిల్లీహెన్రీ వస్తాయి. లెక్కలో తప్పు లేదు. ఆ 8 ఓమ్‌లు అనే మాటలోనే తప్పుంది. '8 ఓమ్' అని రాసి ఉన్న వూఫర్‌ను మల్టీమీటర్‌తో కొలవండి, 5.5 నుంచి 6.5 మధ్య చూపిస్తుంది. అది డీసీ రెసిస్టెన్స్ మాత్రమే. రెజొనెన్స్ (డ్రైవర్ తేలిగ్గా ఊగే సొంత ఫ్రీక్వెన్సీ) దగ్గర ఇంపీడెన్స్ (ఫ్రీక్వెన్సీతో మారే అడ్డు) దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది, తర్వాత పడిపోతుంది, ఆపైన వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల మళ్లీ ఎక్కుతూ పోతుంది. 2,500 దగ్గరికి వచ్చేసరికి అది 10 ఓమ్‌లు దాటినా ఆశ్చర్యపడక్కర్లేదు. అప్పుడు మీ 1 మిల్లీహెన్రీ కాయిల్ అనుకున్న చోట కోయదు.

రెండో లోపం ఇంకా పెద్దది. ఫార్ములా ఎలక్ట్రికల్ వాలును, అంటే ఫిల్టర్ ఒక్కటే శబ్దాన్ని ఎంత వేగంగా తగ్గిస్తుందో దాన్ని మాత్రమే చూస్తుంది. మీకు వినిపించేది డ్రైవర్ సొంత వాలు, ఫిల్టర్ వాలు రెండూ కలిసినది. ట్వీటర్ తన రెజొనెన్స్ కింద దానంతట అదే ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. దానికి మీరు సెకండ్ ఆర్డర్ ఫిల్టర్ కలిపితే చెవికి చేరేది దాదాపు ఫోర్త్ ఆర్డర్. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు 'చెవి దగ్గర ఏ వాలు కావాలి' అని తేల్చుకుని, అది వచ్చేదాకా పార్టుల విలువలు మారుస్తారు.

నియర్‌ఫీల్డ్ స్పీకర్‌కు క్రాసోవర్ వేరేగా ఎందుకు ఉండాలి? హాల్లో వినే స్పీకర్ డిజైన్‌నే వాడొచ్చు కదా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

వూఫర్ కేంద్రానికీ ట్వీటర్ కేంద్రానికీ మధ్య 14 సెంటీమీటర్లు ఉన్నాయనుకోండి. మీ చెవి ట్వీటర్‌కు ఎదురుగా ఉంది. 2 మీటర్ల దూరంలో కూర్చుంటే వూఫర్ శబ్దం ట్వీటర్ కంటే అర సెంటీమీటరు మాత్రమే ఎక్కువ ప్రయాణిస్తుంది. 80 సెంటీమీటర్లకు వస్తే ఆ తేడా 1.2 సెంటీమీటర్లు. 50 సెంటీమీటర్లకు వస్తే 1.9. 2,500 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 13.7 సెంటీమీటర్లే కాబట్టి, 2 మీటర్లకు కుదిర్చిన క్రాసోవర్‌ను 50 సెంటీమీటర్ల నుంచి వింటే రెండు డ్రైవర్ల మధ్య ఫేజ్ (అలల ఎత్తుపల్లాల పొంతన) సుమారు 37 డిగ్రీలు జరుగుతుంది. దీనికి తోడు వూఫర్ కోన్ లోతు వల్ల దాని శబ్దం పుట్టే చోటు ట్వీటర్ కంటే రెండు సెంటీమీటర్లో ఇంకాస్తో వెనక్కి ఉంటుంది. రెండూ ఒకే దిశలో కలుస్తాయి.

తల ఎత్తు సంగతి కూడా చూడండి. 80 సెంటీమీటర్ల దూరంలో మీరు డిజైన్ చేసిన ఎత్తు కంటే 20 సెంటీమీటర్లు పైకి లేచి కూర్చుంటే, క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర దాదాపు 3 డెసిబెల్స్ పడిపోతాయి. హాల్లో సోఫాలో అదే 20 సెంటీమీటర్ల తేడా వస్తే ఏమీ తెలియదు. ఎడిటింగ్ టేబుల్ ముందు కుర్చీ ఎత్తు మార్చినా, వెనక్కి వాలినా మిక్స్ మారినట్టు అనిపించడానికి ఒక కారణం ఇదే.

కాబట్టి నియమం ఒక్కటే: ఎంత దూరం నుంచి, ఏ ఎత్తు నుంచి వింటారో అక్కడే మైక్ పెట్టి కొలవండి, ఆ కొలతకే క్రాసోవర్ కుదర్చండి. 'మీటరు దూరంలో కొలవాలి' అని ఎక్కడో చదివిన మాటను పట్టుకోవద్దు.

ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర విడగొట్టాలి?

కింది హద్దును ట్వీటర్ నిర్ణయిస్తుంది. దాని రెజొనెన్స్‌కు కనీసం రెట్టింపు పైన ఉండాలి. 1,000 హెర్ట్జ్ రెజొనెన్స్ ఉన్న డోమ్‌ను 2,000 కంటే కింద వాడితే గట్టిగా పెట్టినప్పుడు అరుపు మొదలవుతుంది. పై హద్దును వూఫర్ నిర్ణయిస్తుంది. 5 అంగుళాల వూఫర్‌లో నిజంగా కదిలే కోన్ వ్యాసం సుమారు 10 సెంటీమీటర్లు. అల పొడవు అంత చిన్నదయ్యేసరికి, అంటే 3,400 హెర్ట్జ్ దగ్గరకు, శబ్దం ముందుకే టార్చిలైటులా పోతుంది, పక్కలకు తగ్గిపోతుంది. మధ్యలో మిగిలింది 2,000 నుంచి 2,800. నా మొగ్గు 2,200 నుంచి 2,500 వైపు.

లోహపు కోన్ వూఫర్ అయితే దాని బ్రేకప్ శిఖరం (కోన్ తనలో తాను వంగి గట్టిగా మోగే చోటు) పైన ఎక్కడో ఉంటుంది, దాన్ని అణచడానికి అదనపు నాచ్ (ఆ ఒక్క చోటునే తగ్గించే ఫిల్టర్) కావాలి. మొదటి జతకు కాగితపు కోన్ తీసుకోండి. పని సగం తగ్గుతుంది.

ఎన్నో ఆర్డర్ ఫిల్టర్? అందరూ లింక్విట్జ్-రైలీ అంటారు, ఎందుకు?

సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీ ఇద్దరూ హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీలో ఇంజనీర్లు. 1976లో లింక్విట్జ్ ఈ పద్ధతిని ప్రచురించారు. ఇందులో క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర రెండు డ్రైవర్లూ చెరి 6 డెసిబెల్స్ కిందికి వస్తాయి, ఒకే ఫేజ్‌లో ఉంటాయి, కాబట్టి కూడినప్పుడు సమంగా నిలుస్తాయి. బటర్‌వర్త్ అనే ఇంకో రకం ఫిల్టర్‌లో చెరి 3 డెసిబెల్సే తగ్గుతాయి. సెకండ్, ఫోర్త్ ఆర్డర్ బటర్‌వర్త్‌లో రెండూ ఒకే ఫేజ్‌లో కూడితే అక్కడ 3 డెసిబెల్స్ మూపురం లేస్తుంది.

దగ్గరి నుంచి వినే స్పీకర్‌కు చెవి దగ్గర ఫోర్త్ ఆర్డర్ లింక్విట్జ్-రైలీ వాలు వచ్చేలా చూసుకోండి. రెండు డ్రైవర్లూ కలిసి మోగే మేర చిన్నదవుతుంది, తల కదిలినా చెడు తక్కువ. ట్వీటర్‌కూ రక్షణ. దానికి ఎలక్ట్రికల్‌గా ఒక్కోవైపు రెండు లేదా మూడు పార్టులు చాలు, మిగతా వాలు డ్రైవర్లే ఇస్తాయి. ఫస్ట్ ఆర్డర్‌లో సహజత్వం ఉందని వాదించేవాళ్లున్నారు. మీటరు లోపు వినే స్పీకర్‌కు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను. డ్రైవర్లు రెండూ చాలా మేర కలిసి మోగుతాయి కాబట్టి చెవి కాస్త కదిలినా శబ్దం మారిపోతుంది.

చిన్న స్పీకర్‌కు అన్ని పార్టులు అవసరమా?

బీబీసీ వాళ్లు 1970లలో బయటి ప్రసారాల వ్యాన్లలో, ఇరుకు చోట్ల వాడటానికి ఎల్ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్ తయారు చేశారు. కెఫ్ కంపెనీ 5 అంగుళాల వూఫర్, ఒక చిన్న డోమ్ ట్వీటర్, క్రాసోవర్ 3 కిలోహెర్ట్జ్ దగ్గర. దాని క్రాసోవర్ బోర్డు చూస్తే డబ్బా వెనక సగం నిండినట్టుంటుంది. ట్వీటర్ లెవెల్‌ను వూఫర్‌తో సరిపెట్టడానికి ట్యాపులున్న ఆటోట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టారు. అక్కడ ముఖ్యమైన పని మనిషి గొంతు నమ్మకంగా వినడం. చిన్న డబ్బాకు చిన్న క్రాసోవర్ చాలు అనే ఊహకు ఆ బోర్డే జవాబు.

మైక్ లేకుండా చెవితోనే కుదర్చలేమా?

లేము. గట్టిగానే చెబుతున్నాను. చెవి చివరి అర డెసిబెల్‌ను తేల్చగలదు. మొదటి 6 డెసిబెల్స్ తప్పు ఎక్కడుందో చెప్పలేదు. కొలత మైక్ ఒకటి, అది కూడా కాలిబ్రేషన్ ఫైల్‌తో వచ్చేది, ఖర్చులో మొదటి ఖర్చు కావాలి. స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు, ఏడాదికి ఒకరు వాడేది రెండు వారాలే.

యూఎస్‌బీ మైక్ అయితే ఒక జాగ్రత్త. వూఫర్‌కూ ట్వీటర్‌కూ మధ్య సమయం తేడాను అది తనంతట తాను పట్టుకోలేదు. ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌లో అకూస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ అనే సదుపాయం ఉంది, అది వాడండి. రెండు ఇన్‌పుట్లున్న సౌండ్‌కార్డు, మామూలు కొలత మైక్ ఉంటే రెండో ఛానెల్‌ను లూప్‌బ్యాక్‌గా (అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కు) కలపండి, ఇది ఇంకా నమ్మకం. ఏదీ లేకపోతే మైక్ కదపకుండా వూఫర్ ఒక్కటీ, ట్వీటర్ ఒక్కటీ, రెండూ కలిపీ మూడు కొలతలు తీయండి. మూడోది సరిపోయేలా సాఫ్ట్‌వేర్‌లో దూరం తేడాను సర్దితే అసలు తేడా బయటపడుతుంది.

ఎక్కడ కొలవాలి? మా గదిలో అంతా ప్రతిధ్వనే.

బేతంచెర్ల బండల నేల, సున్నం గోడలు, కిటికీకి పరదా లేదు. మన ఇళ్లలో గదులు ఇలాగే ఉంటాయి. కానీ మనకు మిద్దె ఉంది. స్పీకర్‌ను మిద్దె మీద ఎత్తైన స్టూలు మీద, ట్వీటర్ నేలకు 1.2 మీటర్ల ఎత్తులో ఉండేలా పెట్టండి. మైక్‌ను అదే ఎత్తులో 80 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. నేలను తాకి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదాని కంటే 1.7 మీటర్లు ఎక్కువ తిరుగుతుంది, అంటే 5 మిల్లీసెకన్లు ఆలస్యం. సాఫ్ట్‌వేర్‌లో ఆ 5 మిల్లీసెకన్ల దగ్గర విండో (లెక్కలోకి తీసుకునే సమయం) కత్తిరిస్తే 200 హెర్ట్జ్ పైన ఉన్న కొలతంతా ప్రతిధ్వని లేని కొలతే. పిట్టగోడకు, నీళ్ల ట్యాంకుకు కనీసం రెండు మీటర్ల దూరం పాటించండి.

తెల్లవారుజామున కొలవండి. వాహనాల మోత ఉండదు, గాలి ఉండదు. ఆషాఢం గాలి మొదలయ్యాక అనంతపురంలో మిద్దె మీద మైక్ నిలబెట్టడమే కష్టం, స్వీప్ (కింది స్వరాల నుంచి పై స్వరాలకు పాకే పరీక్ష శబ్దం) అంతా గాలి హోరే. ఆ నెలల్లో పెద్ద గది మధ్యలో, చుట్టూ పరుపులు నిలబెట్టి కొలుచుకోవచ్చు, విండో కాస్త చిన్నదవుతుంది అంతే.

200 హెర్ట్జ్ కింద ఏం చేయాలి? మైక్‌ను వూఫర్ కోన్‌కు అర సెంటీమీటరు దగ్గర పెట్టి ఇంకో కొలత తీయండి. ఈ పద్ధతిని 1974లో డాన్ కీల్ ప్రచురించారు. 5 అంగుళాల వూఫర్‌కు ఆ కొలత దాదాపు 1 కిలోహెర్ట్జ్ వరకు నమ్మదగ్గది. రెండింటినీ 300 దగ్గర అతికించాలి. అంత దగ్గరి కొలతలో ముందు పలక ప్రభావం కనపడదు కాబట్టి, అతికించే ముందు డిఫ్రాక్షన్ (పలక అంచుల దగ్గర శబ్దం వంగడం) లెక్కను కలపాలి. పోర్టు (గాలి గొట్టం) ఉన్న డబ్బా అయితే పోర్టు నోటి దగ్గర కూడా కొలిచి, వ్యాసాల నిష్పత్తిలో కలపాలి. మూసిన డబ్బాకు ఈ బాధ లేదు.

ట్వీటర్‌ను కొలిచేటప్పుడు స్వీప్‌ను 500 హెర్ట్జ్ పైనుంచే మొదలుపెట్టండి, వాల్యూమ్ తగ్గించండి.

ఇంపీడెన్స్ కూడా కొలవాలా?

తప్పకుండా, అదీ డబ్బాలో బిగించాక. హెడ్‌ఫోన్ అవుట్‌కు వరసలో ఒక 100 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, రెండు ఇన్‌పుట్ల సౌండ్‌కార్డుతో రూమ్ ఈక్యూ విజార్డ్‌లోనే కొలవచ్చు. తెలిసిన రెసిస్టర్‌తో ముందు ఒకసారి సరిచూసుకోండి.

కొలతలు వచ్చాయి. తర్వాత?

విట్యుయిక్స్‌క్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్‌లో నడుస్తుంది. రెండు డ్రైవర్ల కొలతలు, ఇంపీడెన్స్‌లు ఎక్కించి, సర్క్యూట్ గీసి, విలువలు జరుపుతూ ఫలితం చూడవచ్చు. ఎక్స్‌సిమ్ ఇంకా తేలిక. ఒక్క సోల్డరింగ్ కూడా చేయకుండా వందల కలయికలు చూడొచ్చు. మొత్తం ఇంపీడెన్స్ ఎక్కడా 4 ఓమ్‌ల కంటే బాగా కిందికి పడకుండా గమనించండి, చిన్న క్లాస్-డీ ఆంప్లిఫయర్ బోర్డులు దాన్ని తట్టుకోలేవు.

ట్వీటర్ వైర్లు తిరగేస్తే బాగుందంటారు. నిజమేనా?

కొన్ని సర్క్యూట్లలో తిరగేయాల్సిందే. సెకండ్ ఆర్డర్ లింక్విట్జ్-రైలీ లెక్క ప్రకారమే ఒక డ్రైవర్ పోలారిటీ (ప్లస్, మైనస్ వైర్ల వరస) తిరగాలి. అయితే నిజమైన డబ్బాలో డ్రైవర్ల లోతు తేడా కూడా కలుస్తుంది కాబట్టి ముందే చెప్పలేం. పరీక్ష సులభం. మీ చెవి స్థానంలో మైక్ పెట్టి, కావాలనే తప్పు పోలారిటీలో కొలవండి. క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర 20 డెసిబెల్స్ కంటే లోతైన సన్నటి గుంట కనపడితే, సరైన పోలారిటీలో ఫేజ్ చక్కగా కుదిరినట్టు. గుంట పక్కకు జరిగినా, నిస్సారంగా ఉన్నా ఇంకా పని ఉంది. అన్ని పరీక్షల్లోకీ నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం.

గొంతు పలచగా వినిపిస్తోంది. బేస్ పెంచాలా?

బేస్ కాదు, బ్యాఫుల్ స్టెప్ చూడండి. పై స్వరాలు ముందు పలక ఆసరాతో ముందుకే వస్తాయి, కింది స్వరాలు డబ్బా చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతాయి. అందువల్ల కింద 6 డెసిబెల్స్ వరకు లోటు వస్తుంది. మారే చోటు సుమారుగా 115ను పలక వెడల్పుతో, మీటర్లలో, భాగిస్తే వస్తుంది. 20 సెంటీమీటర్ల పలకకు 575 హెర్ట్జ్. వూఫర్ కాయిల్ విలువ పెంచి ఈ లోటు పూడుస్తారు.

గోడకు దగ్గరగా, టేబుల్ మీద పెట్టే స్పీకర్‌కు పూర్తి 6 డెసిబెల్స్ పూడ్చవద్దు. గోడా టేబులూ కొంత తిరిగి ఇస్తాయి. 3, 4 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టండి.

ట్వీటర్ చెవిలో గుచ్చుతోంది. ఎలా తగ్గించాలి?

ఎల్-ప్యాడ్, అంటే లెవెల్ తగ్గించే రెండు రెసిస్టర్ల జత, పెట్టండి. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు వరసలో 3.3 ఓమ్‌లు, ట్వీటర్‌కు సమాంతరంగా 15 ఓమ్‌లు పెడితే 4 డెసిబెల్స్ పైచిలుకు తగ్గుతుంది, ఫిల్టర్‌కు కనిపించే లోడ్ కూడా దాదాపు 8 దగ్గరే ఉంటుంది. 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు ఈ పనికి బాగా సరిపోతాయి.

ఫ్యాన్ కండెన్సర్ వాడొచ్చా?

వాడొచ్చు, బాగా పనిచేస్తుంది. సీలింగ్ ఫ్యాన్‌కు వేసే 2.5, 3.15 మైక్రోఫారడ్ల కండెన్సర్లు మెటలైజ్డ్ పాలీప్రొపిలీన్ రకమే. క్రాసోవర్లకు ఖరీదుగా అమ్మే ఫిల్మ్ కండెన్సర్ల లోపలా అదే పదార్థం. 440 వోల్టుల రేటింగు, అయిదు శాతం తేడా లోపు విలువ, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరకడం, ఇంకేం కావాలి? సమాంతరంగా కలిపితే విలువలు కూడతాయి. కాస్త లావుగా ఉంటాయి, డబ్బాలో చోటు చూసుకోండి. ఫ్యాన్ నుంచి తీసిన పాతది మాత్రం వద్దు, ఫ్యాన్ మెల్లగా తిరుగుతోందనే కదా తీశారు, దాని విలువ ఎప్పుడో పడిపోయి ఉంటుంది.

బోరు మోటారు ప్యానెల్లో రెండు రకాలుంటాయి. రన్ కండెన్సర్ ఇదే జాతి, కాకపోతే విలువ పెద్దది. స్టార్ట్ కండెన్సర్ ఎలక్ట్రోలైటిక్, కొన్ని క్షణాలు పనిచేయడానికే చేసింది. అది క్రాసోవర్‌కు పనికిరాదు. రెండింటిలో దేన్ని ముట్టుకున్నా ముందు డిశ్చార్జ్ చేయండి.

కాయిల్ మనమే చుట్టుకోవచ్చా?

ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక వరం ఉంది. బోర్లు ఎక్కువ, మోటార్లు కాలడం ఎక్కువ, కాబట్టి ఏ ఊళ్లో చూసినా వైండింగ్ షాపు ఉంటుంది. ఎనామిల్ రాగి తీగ గేజుల వారీగా, తూకం మీద దొరుకుతుంది. వాళ్ల చేతి పనితనం చూసి నేర్చుకోదగ్గది.

1 మిల్లీహెన్రీకి ఒక కొలత ఇస్తాను. లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు, వెడల్పు 15 మిల్లీమీటర్లు ఉన్న బాబిన్ మీద 19 గేజు తీగ, అంటే 1 మిల్లీమీటరు మందం, సుమారు 160 చుట్లు చుట్టండి. చుట్టు మందం కూడా 15 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. తీగ 23 మీటర్లు, రాగి 170 గ్రాములకు కాస్త తక్కువ, రెసిస్టెన్స్ అర ఓమ్. పది చుట్లు ఎక్కువే చుట్టి, ఎల్‌సీఆర్ మీటర్‌తో (కాయిల్, కండెన్సర్ విలువలు కొలిచేది) చూస్తూ విప్పుకుంటూ రండి. ఇనుప కోర్ వద్దు, గాలి కోరే మంచిది. ఆ అర ఓమ్‌ను సాఫ్ట్‌వేర్‌లో తప్పకుండా రాయండి, వూఫర్ లెవెల్ మీద, బేస్ మీద దాని ప్రభావం ఉంటుంది.

రెండు కాయిళ్లను పక్కపక్కనే ఒకే దిశలో పడుకోబెట్టవద్దు. ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాంట్లోకి పోతుంది. ఒకటి పడుకుని, ఇంకొకటి నిలబడి, మధ్యలో బోర్డు పొడవు మేర దూరం ఉండాలి. వూఫర్ అయస్కాంతానికీ దూరంగా.

మా ఎండలకు ఏమైనా మార్చాలా?

గాలిలో శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 దగ్గర 355. క్రాసోవర్‌కు ఈ తేడా లెక్కలోకి రాదు. అసలు ఇబ్బంది గ్లూ గన్ జిగురుతో వస్తుంది. కర్నూలు మే నెలలో మూసి ఉన్న గదిలో అది మెత్తబడి కాయిల్ జారిపోతుంది. కేబుల్ టైలతో ప్లైవుడ్ ముక్కకు బిగించండి. బైపోలార్ ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు వేడికి త్వరగా ఎండిపోతాయి, ట్వీటర్ దారిలో వాటిని పెట్టకండి. ఫోమ్ సరౌండ్ (కోన్ అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) ఉన్న వూఫర్ కంటే రబ్బరుది మన్నుతుంది.

టేబుల్ మీద పెడితే మధ్య స్వరాల్లో ఏదో తగ్గినట్టుంది. క్రాసోవర్‌తో సరిచేయాలా?

చేయకూడదు. ట్వీటర్ టేబుల్‌కు 25 సెంటీమీటర్ల ఎత్తులో, చెవి 45 సెంటీమీటర్ల ఎత్తులో, మధ్య దూరం 80 ఉంటే, టేబుల్‌ను తాకి వచ్చే శబ్దం 24 సెంటీమీటర్లు ఎక్కువ తిరిగి వస్తుంది. 700 హెర్ట్జ్ చుట్టుపక్కల అది నేరు శబ్దాన్ని కొంత రద్దు చేస్తుంది. ఎత్తు మారితే ఆ చోటూ మారుతుంది కాబట్టి సర్క్యూట్‌లో దానికి మందు లేదు. స్పీకర్లను టేబుల్ వెనక స్టాండ్ల మీద పెట్టండి. కుదరకపోతే ఎత్తు చేసి, ట్వీటర్ చెవి వైపు చూసేలా వంచండి. కడప బండ ముక్క స్టాండు కింద బరువుగా పెట్టడానికి అద్భుతంగా పనికొస్తుంది, కదలదు. అదే బండను టేబుల్ పైపలకగా వేసుకుని దాని మీద స్పీకర్లు పెడితే పైకొట్టే శబ్దం ఇంకా పదును.

ఇదంతా లేకుండా డీఎస్‌పీతో యాక్టివ్ చేసుకోవచ్చు కదా?

చేసుకోవచ్చు. ఆంప్లిఫయర్‌కు ముందే సిగ్నల్‌ను డిజిటల్‌గా పంచడం అన్నమాట. నేర్చుకోవడానికి అదే మంచి దారి. విలువ మార్చాలంటే టంకం పెట్టక్కర్లేదు, మౌస్ కదిపితే చాలు. ఆలస్యాన్ని కూడా సర్దవచ్చు, కాబట్టి డ్రైవర్ల లోతు తేడా సమస్యే ఉండదు. బదులుగా ఒక్కో స్పీకర్‌కు రెండు ఆంప్లిఫయర్ ఛానెళ్లు కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆంప్లిఫయర్ చేసే 'ధప్' నేరుగా ట్వీటర్‌కు తగులుతుంది. అందుకని ట్వీటర్‌కు వరసలో 20 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కండెన్సర్ ఒకటి కాపలాగా ఉంచండి, దాన్ని ఉంచే కొలతలు తీయండి. కొలత అవసరం ఇక్కడా తప్పదు.

చివరి ట్యూనింగ్ దేంతో వినాలి?

ముందు గొంతుతో. కడప ఆకాశవాణి వార్తలు చదివే గొంతు, మీకు బాగా తెలిసిన మనిషిని మీరే రికార్డు చేసిన మాట, ఈ రెండూ చాలు. ఒకే స్పీకర్‌తో, మోనోలో వినండి. తర్వాత పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) పెట్టి తలను మెల్లగా పైకీ కిందికీ కదపండి, రంగు ఎక్కడ మారుతుందో తెలిసిపోతుంది. మార్పు ఒకసారికి ఒక్కటే, అదీ ఎల్-ప్యాడ్‌లో అర డెసిబెల్. మార్చాక వారం రోజులు దాంతోనే పని చేసుకోండి. ఉత్సాహంలో అదే రోజు మళ్లీ మార్చితే ఏది మంచిదో ఎప్పటికీ తేలదు.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

కర్నూలు వాళ్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి, అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, కడప వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోవడం వాడుక. రెసిస్టర్లు, టెర్మినళ్లు, కేబుల్ అక్కడ బాగుంటాయి. డ్రైవర్లు మాత్రం డేటాషీట్ ఉన్నవే కొనండి, ఎక్కువసార్లు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాల్సి వస్తుంది.

రెండు స్పీకర్లకూ ఒకే విలువలు వేస్తే చాలా, రెండోదాన్నీ కొలవాలా?

కొలవండి. ఒకే పెట్టెలో వచ్చిన రెండు ట్వీటర్ల మధ్య కూడా డెసిబెల్ తేడా ఉండొచ్చు. అప్పుడు ఒకవైపు 3.3 ఓమ్‌లు, రెండోవైపు 3.9 పెట్టాల్సి రావచ్చు, పెట్టండి. కండెన్సర్లు నాలుగైదు కొని, కొలిచి, దగ్గరి విలువలున్న జతను ఏరుకోండి. ఎడమ కుడి స్పీకర్ల గీతలు 300 హెర్ట్జ్ పైన అర డెసిబెల్ లోపు కలిసిపోతే గొంతు సరిగ్గా కంప్యూటర్ తెర మధ్యలో నిలబడుతుంది. విలువలను డబ్బా వెనక పలక లోపలివైపు పెన్సిల్‌తో రాసి పెట్టండి, ట్వీటర్ మార్చాల్సి వచ్చిన రోజున వెతుక్కోకుండా ఉంటుంది.